పసిపిల్లలతో ఆత్మకూరుకు: సుదూర ప్రయాణ ప్రణాళికపై ఒక సమీక్ష

ప్రశ్న స్వరూపం

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల నుంచి చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలకు వెళ్లి అక్కడే సంసారాలు ఏర్పరచుకున్నవారికి సెలవుల ప్రయాణమంటే చాలావరకు సొంత ఊరి ప్రయాణమే. ఇతర దేశాలవారు సముద్రతీరపు విడిది కోసం ఉష్ణమండలానికి వస్తుంటే, వీరు అవ్వాతాతలను చూడడానికో, బిడ్డ పుట్టువెంట్రుకల మొక్కు తీర్చడానికో, సంక్రాంతికో, ఇంట్లో పెళ్లికో వస్తారు. కారణం ఏదైనా బిడ్డ శరీరానికి ఎదురయ్యే పరీక్ష మాత్రం ఒకటే. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య ఉన్న భూభాగాన్ని ఉష్ణమండలం అంటారు, దాదాపు 15.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న నంద్యాల జిల్లా ఆత్మకూరు ఆ మండలంలో బాగా లోపలే ఉంది కనుక, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రారంభంలో మరొకసారి మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. చలిదేశంలో పుట్టి, అక్కడి నీటికీ గాలికీ అలవాటుపడిన రెండేళ్ల బిడ్డకు ఇది తల్లిదండ్రుల సొంత ఊరే అయినా పూర్తిగా కొత్త ప్రదేశమే.

ప్రయాణ వైద్యంలో, అంటే దూరప్రయాణాల వల్ల కలిగే ఆరోగ్య సమస్యలను అధ్యయనం చేసే వైద్యశాఖలో, ఇలా బంధుమిత్రులను చూడడానికి స్వదేశానికి వచ్చేవారిని ప్రత్యేక వర్గంగా పరిగణిస్తారు. టైఫాయిడ్, మలేరియా వంటి వ్యాధులు మామూలు పర్యాటకులకన్నా వీరికే ఎక్కువగా సోకుతాయని ఆ శాఖ చాలాకాలంగా గుర్తించింది. పుట్టి పెరిగిన ఊరే కదా అన్న ధీమాతో బయలుదేరేముందు వైద్యుణ్ణి సంప్రదించకపోవడం, హోటళ్లలో కాక ఇళ్లలో ఎక్కువకాలం ఉండడం, ఇంటివారు తాగే నీరే తాగడం అందుకు ముఖ్యకారణాలు. తల్లిదండ్రులకు ఆ ఊరిమీద ఉన్న పరిచయం పిల్లలకు రోగనిరోధక శక్తిగా సంక్రమించదు. చివరికి తల్లిదండ్రులలో కూడా ఆ శక్తి ఏళ్ల తరబడి దూరంగా ఉండడంవల్ల తగ్గిపోతుంది.

ఈ సమీక్ష ప్రతిపాదించే విషయం ఒకటే. పిల్లల నిద్ర, నీరు, నీడ ముందుగా స్థిరపడి, దర్శనాలూ విందులూ చుట్టరికాలూ వాటికి లోబడి అమరినప్పుడే ఇటువంటి ప్రయాణం కుటుంబానికి మేలు చేస్తుంది. ఆ క్రమం తలకిందులైనప్పుడు ఎంత ఖర్చు పెట్టినా, ఎంత ప్రేమ ఉన్నా, బిడ్డ జ్వరంతోనూ పెద్దలు అలసటతోనూ తిరుగు విమానం ఎక్కవలసి వస్తుంది.

మజిలీల సంప్రదాయం

దూరప్రయాణాన్ని ముందుగా ఆలోచించి నడపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు శతాబ్దాలుగా శ్రీశైల యాత్రకు ఒక ముఖద్వారం. ఇక్కడి నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా సాగే అడవిదారిలో మహాశివరాత్రికీ ఉగాదికీ భక్తులు ఇప్పటికీ కాలినడకన వెళుతున్నారు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా పెద్ద పరివారంతో కాశీకి వెళ్లివస్తూ రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆయన శ్రీశైలం వెళ్లింది కూడా ఈ వైపునుంచే. నీరు ఎక్కడ దొరుకుతుంది, వంటసామాను ఎక్కడ కొనుక్కోవచ్చు, ఎండకు ముందే ఎంత దూరం నడవాలి, ఎక్కడ దిగాలి అన్న విషయాలను దినచర్యలో ఒక పద్ధతిగా నమోదుచేసిన ఆ గ్రంథం తెలుగువారి ప్రయాణ ప్రణాళికకు తొలినాటి ఉదాహరణలలో ఒకటి.

ఆ పద్ధతిలోని మూలసూత్రం మజిలీ. ఒక రోజులో శరీరం ఎంత ఓర్చుకోగలదో అంతే దూరం పోయి, నీళ్లూ నీడా ఉన్నచోట ఆగి, మరునాడు చల్లని వేళ కదలడం దాని సారం. డల్లాస్ నుంచి ఆత్మకూరుకు ఒకటిన్నర రోజులో చేరగల ఈ కాలంలో దూరం తగ్గినట్టు అనిపిస్తుంది గాని, పసిబిడ్డ ఓర్పు ఏమీ పెరగలేదు కనుక, మజిలీ అవసరం తగ్గలేదు.

కాలనిర్ణయం

అన్ని నిర్ణయాలలోకీ మొదటిది, మిగిలినవాటిని శాసించేది ఏ నెలలో రావాలన్నది. రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలు దాటుతుంది, కర్నూలు, నంద్యాల ప్రాంతాలలో 44, 45 డిగ్రీలకు చేరిన రోజులూ ఉంటాయి. వడగాలులు వీచే రోజులలో ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా హెచ్చరికలు జారీచేస్తుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించాక వేడి తగ్గుతుంది గాని, నీటివల్ల వచ్చే వ్యాధులకూ దోమలకూ అదే అదను. వానల వెనుక సెప్టెంబరు, అక్టోబరులలో డెంగీ జ్వరాలు పెరుగుతాయి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మొదటి సగం మాత్రం పొడిగా, పగలు 30 డిగ్రీల చుట్టూ, రాత్రి చలువగా ఉండి పసిపిల్లలకు అన్నివిధాలా అనుకూలిస్తాయి.

విదేశీ బడుల సెలవులు ఈ క్రమంతో పొసగకపోవడమే అసలు చిక్కు. అమెరికాలో దీర్ఘసెలవులు మే చివరినుంచో జూన్ మధ్యనుంచో మొదలై ఆగస్టులో ముగుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. అంటే అమెరికా నుంచి జూన్ నెలాఖరులో వచ్చిన బిడ్డకు ఆడుకోవడానికి మామ పిల్లలూ అత్త పిల్లలూ సాయంత్రం దాకా ఇంట్లో ఉండరు. ఆస్ట్రేలియా నుంచి వచ్చేవారిది మెరుగైన స్థితి: అక్కడి వేసవి సెలవులు డిసెంబరు మూడోవారం నుంచి జనవరి చివరి దాకా ఉంటాయి కనుక మంచి వాతావరణం, సంక్రాంతి, ఇక్కడి బడుల పండుగ సెలవులు మూడూ కలిసివస్తాయి. బ్రిటన్‌లో క్రిస్మస్ సెలవులు రెండు వారాలే అయినా కాలభేదం తక్కువ కనుక ఆ రెండు వారాలూ అక్కరకొస్తాయి. అమెరికా నుంచి వచ్చేవారికి అవే రెండు వారాలు చాలవు. కారణం నిద్రను చర్చించేచోట స్పష్టమవుతుంది.

బిడ్డ ఇంకా బడిలో చేరకముందు ఈ బంధాలేవీ ఉండవు. కనుక ఐదేళ్లలోపు పిల్లలున్న కుటుంబాలు పెద్దల సెలవును జనవరికి మళ్లించుకోవడం అన్నింటికన్నా తెలివైన పని. విమాన ఛార్జీలు డిసెంబరు మూడోవారంలో అత్యధికంగా ఉండి, జనవరి రెండోవారం తర్వాత తగ్గడం సాధారణం కనుక ఆ మార్పువల్ల ఖర్చు కూడా కలిసిరావచ్చు. బడి ఉన్న పిల్లలతో జూన్, జులైలలోనే రాక తప్పనివారు వేడి గురించి కొంత నిశ్చింతగా ఉండి, దోమ, నీరు అనే రెండింటిమీద శ్రద్ధ రెట్టింపు చేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పసిబిడ్డతో రావడానికి పెళ్లి తప్ప మరే కారణమూ చాలదు. పెళ్లికైనా బిడ్డ ఉండే గది చల్లగా ఉండే ఏర్పాటు ముందే జరగాలి.

దారి, పత్రాలు

విదేశంలో పుట్టి అక్కడి పౌరసత్వం ఉన్న బిడ్డకు వీసా గాని, ఓసీఐ కార్డు గాని ఉండాలి. విదేశీ పౌరులైన భారత సంతతివారు జీవితకాలం వీసా లేకుండా వచ్చిపోవడానికి వీలుకల్పించే ఈ కార్డుకు 2005లో పౌరసత్వ చట్టంలో చోటు కల్పించి, 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో తొలికార్డులు అందించారు. పసిపిల్లల పాస్‌పోర్టు అమెరికాలో ఐదేళ్లకే ముగుస్తుంది కనుక, కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ ఆ వివరాలూ కొత్త ఫొటోలూ ఓసీఐ వెబ్‌సైటులో చేర్చడం మరువరాదు. తల్లి ఒక్కతే బిడ్డతో వస్తుంటే తండ్రి సమ్మతిపత్రం, బిడ్డ జననపత్రం నకలు వెంట ఉండడం మంచిది.

విమానమార్గాన్ని ఎంచుకునేటప్పుడు ధరకన్నా మజిలీ నాణ్యతకు విలువ ఇవ్వాలి. అమెరికా మధ్యరాష్ట్రాల నుంచి దుబాయి, దోహా, అబుదాబి మీదుగా వచ్చేవారికి మొదటి ప్రయాణభాగమే 14, 15 గంటలుండి, ఆ తర్వాత హైదరాబాదుకు నాలుగు గంటలలోపు ప్రయాణం మిగులుతుంది. ఐరోపా మీదుగా వస్తే రెండు భాగాలూ దాదాపు సమానమవుతాయి. ఒకటిన్నర గంట మజిలీలో పసిబిడ్డతో, సామానుతో, భద్రతా తనిఖీల మధ్య పరుగెత్తడంకన్నా, బిడ్డకు బట్టలు మార్చి, నడిపించి, కడుపునిండా పెట్టడానికి నాలుగైదు గంటలు దొరికే మజిలీ మేలు. రెండేళ్లలోపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవడానికి విమాన సంస్థలు అనుమతిస్తాయి గాని, కుదుపులు వచ్చినప్పుడు బిడ్డకు విడిసీటే క్షేమకరం. విమానం దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవిపోటు వస్తుంది కనుక ఆ అరగంటా బిడ్డకు పాలో నీళ్లో తాగిస్తూ ఉండాలి. మింగినప్పుడల్లా చెవిలోని ఒత్తిడి సర్దుకుంటుంది.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఆత్మకూరుకు కర్నూలు, నందికొట్కూరు మీదుగా రమారమి 260 కిలోమీటర్లు, ఆగుతూ వస్తే ఐదారు గంటలు. సుదీర్ఘ విమానయానం ముగించిన బిడ్డను తెల్లవారుజామున దింపి, ఆ వెంటనే ఈ ఐదు గంటలూ కారులో కూర్చోబెట్టడం చాలా కుటుంబాలు చేసే పొరపాటు. హైదరాబాదులో గాని, కర్నూలులో గాని ఒక రాత్రి ఆగి, మరునాడు ఉదయం బయలుదేరడం పాతకాలపు మజిలీ సూత్రానికి అనుగుణమైన పని. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట 2021 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైంది గాని, అక్కడికి పరిమితమైన దేశీయ సర్వీసులే ఉంటాయి కనుక వాటి వేళలు కుదిరినప్పుడే ఆ దారి ఉపయోగపడుతుంది. అద్దెకారు మాట్లాడేటప్పుడు జిల్లా పేరు చెప్పడం తప్పనిసరి. నెల్లూరు జిల్లాలోనూ తెలంగాణలోని వనపర్తి, హనుమకొండ, సూర్యాపేట జిల్లాలలోనూ ఆత్మకూరులున్నాయి, నంద్యాల జిల్లాలోనే బండి ఆత్మకూరు వేరే ఉంది.

కారులో బిడ్డకు ప్రత్యేక సీటు సంగతి మరింత ముఖ్యం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను సీటుబెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని భద్రపరచకుండా తీసుకుపోవడం జరిమానా విధించదగిన నేరం. అయినా అద్దెకార్లలో పిల్లల సీట్లు దొరకడం అరుదు కనుక, విమానంలో తీసుకురావడానికి అదనపు రుసుము లేని ఆ సీటును ఇంటినుంచే తెచ్చుకోవడం మేలు. ఊళ్లో చిన్నాన్నలూ మేనమామలూ ప్రేమతో బిడ్డను బండిమీద ముందు నిలబెట్టుకుని తిప్పుతారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు ద్విచక్రవాహనం మీద నడుపుతున్నవారికి కట్టే రక్షణ పట్టీ, తలకు శిరస్త్రాణం ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదనీ కేంద్రప్రభుత్వ నిబంధన చెబుతోంది. ఈ మాట బంధువులకు మొదటిరోజే మర్యాదగా చెప్పి ఉంచితే తర్వాత ఎవరికీ మనస్తాపం కలగదు.

నిద్ర: మొదటి వారం లెక్క

దేహంలో నిద్ర, ఆకలి, ఉష్ణోగ్రతలను 24 గంటల చక్రంలో నడిపించే అంతర్గత వ్యవస్థను జీవగడియారం అంటారు. కాలభేదమున్న దేశానికి త్వరగా చేరినప్పుడు ఈ గడియారం పాత ఊరి వేళనే పాటిస్తూ ఉండడంవల్ల కలిగే అవస్థ జెట్‌లాగ్. గంట తేడాకు సుమారు ఒకరోజు చొప్పున అది సర్దుకుంటుందని స్థూలమైన లెక్క. తూర్పుదిక్కుగా పోయేటప్పుడు ఇంకా ఆలస్యమవుతుంది. చలికాలంలో భారత కాలమానానికీ లండన్‌కూ తేడా ఐదున్నర గంటలు, న్యూజెర్సీకి పదిన్నర, డల్లాస్‌కు పదకొండున్నర, కాలిఫోర్నియాకు పదమూడున్నర. పది గంటలకు పైబడిన తేడా అంటే బిడ్డకు పగలు రాత్రిగా, రాత్రి పగలుగా పూర్తిగా తిరగబడడమే. కనుక అమెరికా నుంచి రెండువారాలకే వచ్చే కుటుంబం వచ్చినకాలంలో సగాన్ని బిడ్డ నిద్ర సర్దడానికే పోగొట్టుకుని, తిరిగివెళ్లాక మరో వారం అదే అవస్థ పడుతుంది. మూడువారాలకన్నా తక్కువ వ్యవధిలో ఆ దూరం నుంచి పసిబిడ్డతో రావడం యోచన చేయదగింది కాదు.

జీవగడియారాన్ని మార్చే ప్రధానసాధనం వెలుతురు. ఉదయపు లేత ఎండలో బిడ్డను మిద్దెమీదో వాకిట్లోనో ఆడించడం, పగటి నిద్రను ఒకటిన్నర రెండు గంటలకు పరిమితం చేయడం, సాయంత్రం దీపాలు తగ్గించడం, అర్ధరాత్రి మేలుకున్నా టీవీ, ఫోను చూపించకుండా చీకట్లోనే మెల్లగా మాట్లాడుతూ ఉండడం మొదటివారపు విధులు. అర్ధరాత్రి ఆకలి వేయడం సహజం కనుక మంచం పక్కన అరటిపండూ బిస్కెట్లూ సిద్ధంగా పెట్టుకోవాలి. నిద్రమందులను వైద్యుడు చెప్పకుండా పిల్లలకు వాడరాదు. ఈ మొదటి నాలుగైదు రోజులలో విందులు, దర్శనాలు, దూరపు ఊళ్లు ఏవీ పెట్టుకోకుండా, చూడదలచినవారే ఇంటికి వచ్చి చూసిపోయే ఏర్పాటు చేయడం అన్నిటికన్నా గొప్ప సాయం.

టీకాలు, ముందస్తు వైద్యం

బయలుదేరడానికి కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు పిల్లల వైద్యుణ్ణి కలవాలి; టీకా వేసిన తర్వాత రక్షణ ఏర్పడడానికి అంత వ్యవధి కావాలి. ఆరు నెలలు నిండి ఏడాది నిండని శిశువుకు విదేశయానానికి ముందు తట్టు టీకా ముందుగానే ఒక మోతాదు వేయాలన్నది అమెరికా వైద్యసంస్థల సిఫారసు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏడాది తర్వాత మామూలు రెండు మోతాదులూ మళ్లీ వేయిస్తారు. కలుషితమైన ఆహారం, నీటివల్ల కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏకు కూడా అదే వయసునుంచి టీకా ఉంది.

టైఫాయిడ్ విషయంలో తెలుగునేలకు గర్వకారణమైన సంగతి ఒకటుంది. అమెరికాలో దొరికే టైఫాయిడ్ సూదిమందు రెండేళ్లు నిండినవారికే పనికివస్తుంది. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టైప్‌బార్-టీసీవీ ఆరునెలల శిశువుకూ ఇవ్వదగినది, దానికి 2017 చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. ఇక్కడే నెలలపాటు ఉండదలచినవారు, పదేపదే వచ్చిపోయేవారు బిడ్డకు ఆ టీకా సంగతి ఇక్కడి వైద్యుణ్ణి అడగడం మంచిది. వానాకాలంలో నెలకు పైగా పల్లెలో ఉండేవారు మెదడువాపు టీకా, మలేరియా నివారణ మందు అవసరమా అని అడిగి తెలుసుకోవాలి. బిడ్డ రోజూ వాడే మందులు, జ్వరానికి బరువునుబట్టి వేయవలసిన పారాసిటమాల్ మోతాదు రాసిన కాగితం, ప్రయాణ ఆరోగ్య బీమా పత్రం చేతిసంచిలోనే ఉండాలి.

నీరు, ఆహారం

పిల్లల ప్రయాణాలను చెడగొట్టేవాటిలో విరేచనాలది మొదటిస్థానం. శిశువుల పాలపొడికీ తాగడానికీ వాడే నీటిని కనీసం ఒక నిమిషం తెర్లే దాకా కాచి చల్లార్చాలి. ఊరూరా ఉన్న మినరల్ వాటర్ ప్లాంట్ల క్యాను నీరు పెద్దలకు రుచించినా, క్యాను ఎంత శుభ్రంగా కడిగారో తెలియదు కనుక దాన్ని కూడా కాచడమే మేలు. సీలు చెక్కుచెదరని సీసానీరు ప్రయాణంలో నమ్మదగింది. బండిమీది చెరకురసం, ఐసు కలిపిన పానీయాలు, కోసి ఉంచిన పండ్లు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు పిల్లలకు వద్దు. ఒలిచి తినే అరటి, బత్తాయి, కళ్లముందు కొట్టిచ్చే కొబ్బరినీళ్లు మంచివి.

రాయలసీమ వంట కారానికి పేరుపడింది గాని, అందులోనే పసిబిడ్డకు తగిన ఆహారమూ ఉంది. నెయ్యి వేసిన పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, పలుచని రాగిజావ, మెత్తగా ఉడికించిన కొర్రన్నం బిడ్డ కడుపుకు హితమైనవి. వంటింట్లో కారం వేయకముందే బిడ్డ వంతు తీసి పక్కన పెట్టమని అవ్వకు చెబితే చాలు. ఏడాది నిండని శిశువుకు మాత్రం తేనె ఒక్కచుక్కైనా నాకించరాదు. నల్లమలలో చెంచులు సేకరించే తేనె ఈ ప్రాంతంలో ఎంతో విలువైన కానుక, నాలుకకు తేనె రాయడం పెద్దల ఆశీర్వాదపు అలవాటు. అయినా తేనెలో ఉండగల ఒకరకం సూక్ష్మజీవి బీజాలు శిశువుల పేగుల్లో మొలిచి కండరాలను చచ్చుబరిచే బొట్యులిజం అనే ప్రమాదకర వ్యాధిని కలిగించగలవు.

విరేచనాలు పట్టుకుంటే ప్రాణాన్ని కాపాడేది ఓఆర్ఎస్, అంటే చక్కెర, లవణాలు తగిన పాళ్లలో కలిపిన పొడిని నీటిలో కరిగించి తాగించే ద్రావణం. చక్కెర ఎక్కువున్న పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడంపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడగా, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. మందులషాపులో కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ముద్రించిన పొట్లాన్నే అడగాలి, పొట్లంమీద చెప్పినంత నీటిలోనే కలపాలి. దానితోపాటు వైద్యుని సలహామేరకు జింకు మందు 10 నుంచి 14 రోజులు ఇస్తారు. విరేచనాల్లో రక్తం పడినా, బిడ్డ మగతగా ఉన్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంటి వైద్యం మాని ఆసుపత్రికి పోవాలి.

ఎండ, దోమ, పురుగుపుట్ర

పసిపిల్లల శరీరంలో బరువుకు తగ్గట్టు చూస్తే చర్మవిస్తీర్ణం ఎక్కువ కనుక బయటివేడి పెద్దలకన్నా త్వరగా లోపలికి చేరుతుంది. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నీడపట్టున ఉండడం, వదులైన నూలుబట్టలు, గుడ్డటోపీ, అడిగినా అడగకపోయినా గంటగంటకూ నీళ్లు తాగించడం సరిపోతాయి. పుట్టువెంట్రుకలు తీయించిన తలకు ఎండ నేరుగా తగులుతుంది కనుక ఆ కార్యక్రమాన్ని తెల్లవారుజామున జరిపించి, కొత్త బ్లేడు వాడేటట్టు చూసి, తర్వాత వారంపాటు టోపీ తీయకుండా ఉంచాలి. ఆగివున్న కారులో బిడ్డను రెండు నిమిషాలైనా ఒంటరిగా వదలడం ప్రాణాంతకం.

దోమలకు మొదటి విరుగుడు దోమతెర. చర్మానికి పూసే దోమల మందులలో డీట్ ఉన్నవాటిని రెండునెలలలోపు శిశువులకు వాడరాదు, పెద్దపిల్లలకైనా చేతులకూ కళ్లచుట్టూ పూయరాదు. డెంగీ దోమ పగటిపూటే కుడుతుంది కనుక పగటి నిద్రకూ తెర ఉండాలి. పెరట్లో తొట్లు, పాత టైర్లు, కూలర్ నీళ్లు వారానికోసారి ఖాళీ చేయించాలి.

రాయలసీమలో తేలు, పాము ఊహాజనితమైన భయాలు కావు. నాపరాళ్ల గోడల సందుల్లో, కట్టెలమోపు కింద పిల్లలు చేతులు పెట్టకుండా, చీకట్లో చెప్పులు లేకుండా తిరగకుండా చూడాలి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం, మంత్రానికి తీసుకుపోవడం అన్నీ కాలహరణమే. కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చడమే చికిత్స. ఎర్రతేలు కుట్టిన పసిబిడ్డకు గుండె, ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక నొప్పి ఒక్కటే చూసి ఊరుకోరాదు. కుక్క గాని కోతి గాని కరిచినా గీరినా ఆ చోటును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ, స్థానిక ప్రభుత్వాసుపత్రి, నంద్యాల, కర్నూలు బోధనాసుపత్రులు ఎంతెంత దూరమో, విరుగుడు మందులు ఎక్కడుంటాయో ఊరు చేరిన మొదటిరోజే ఇంటిపెద్ద కనుక్కొని గోడమీద రాసిపెట్టడం వృథా శ్రమ కాదు.

చూడదగినవి, వాయిదా వేయదగినవి

ఆత్మకూరు చుట్టూ చూడదగిన చోట్లకు కొదవలేదు; వాటన్నిటినీ ఒకే ప్రయాణంలో చుట్టబెట్టాలన్న కోరికే ఇబ్బంది. పసిపిల్లలున్నప్పుడు వారానికి రెండు బయటి పర్యటనలు, అవి కూడా మధ్యాహ్నభోజనానికి ఇల్లు చేరేవి, తగిన పరిమితి.

ఆ పరిమితిలో మొదట చెప్పదగింది సంగమేశ్వరం. కృష్ణ, తుంగ, భద్ర, భీమ, వేణి, మలాపహారిణి, భవనాశి అనే ఏడునదులు కలిసే చోటుగా ప్రసిద్ధమైన ఈ ఆలయం శ్రీశైలం జలాశయం నిండాక మునిగి, నీరు తగ్గిన నెలల్లో బయటపడుతుంది. డిసెంబరు, జనవరులలో వచ్చినవారికి సాధారణంగా దర్శనం దొరకదు కనుక నీటిమట్టం తెలుసుకునే బయలుదేరాలి. నంద్యాల దగ్గరి మహానందిలో తేటనీటి కోనేరు పిల్లలకు ఇష్టమైనదే గాని లోతు పసివారికి మించినది కనుక పెద్దవారి చేయి వదలరాదు. అడవిని చూపించాలనుకునేవారికి బైర్లూటిలో అటవీశాఖ విడిది ఉంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా విశాలమైనది. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా అడవి సందర్శనను నిలిపివేయడం సాధారణం కనుక, అమెరికా వేసవి సెలవుల్లో వచ్చేవారు ఆ ఆశ పెట్టుకోరాదు.

శ్రీశైలం దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డులో నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. మలుపుల్లో పిల్లలకు వాంతులవుతాయి, రాత్రివేళ అడవిలో వాహనాల రాకపోకలపై ఆంక్షలుంటాయి. పొద్దున్నే బయలుదేరి, అక్కడే ఒక రాత్రి ఉండి, మరునాడు తిరిగిరావడం పసిబిడ్డలకు తగిన పద్ధతి. శివరాత్రి, ఉగాది రద్దీలో మూడేళ్లలోపు బిడ్డను తీసుకుపోవడం తగదు. కోతులెక్కువగా ఉండే ఆలయాల దగ్గర పిల్లల చేతికి అరటిపండ్లు, బిస్కెట్ పొట్లాలు ఇవ్వరాదు. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలూ, ఎగువ అహోబిలపు కొండదారులూ అద్భుతమైనవే అయినా, లోపలి ఉక్కపోత, మెట్లు, నడక దృష్ట్యా పిల్లలకు ఏడెనిమిదేళ్లు వచ్చే దాకా వాయిదా వేయవచ్చు. వాయిదా వేసినది పోగొట్టుకున్నది కాదు; మళ్లీ రావడానికి అదే కారణమవుతుంది.

నిర్ణయాల క్రమం

ఇంతవరకు చెప్పినవాటిని వరుసలో పెడితే ప్రణాళిక స్వరూపం స్పష్టమవుతుంది. మొదట కాలం, తర్వాత వ్యవధి, ఆపైన మజిలీలతో కూడిన దారి, ప్రయాణానికి ఆరువారాల ముందు టీకాలు, ఊళ్లో ఒకే ఇల్లు స్థిరనివాసంగా పెట్టుకుని దానిలో బిడ్డకు చల్లని గది, దోమతెర, కాచిన నీరు, చివరగా ఒకటో రెండో పర్యటనలు. చాలా కుటుంబాలు దీన్ని చివరినుంచి మొదలుపెడతాయి: ఏయే గుళ్లు, ఎవరెవరి ఇళ్లు అన్న పట్టిక ముందు తయారై, టికెట్టు దాన్నిబట్టి కొని, టీకా సంగతి చివరివారంలో గుర్తుకు వస్తుంది.

ఈ క్రమాన్ని మార్చడంలో ఊళ్లో ఉన్న పెద్దల పాత్ర తల్లిదండ్రుల పాత్రకన్నా తక్కువది కాదు. మనవడు ఇరవై ఇళ్లకు వెళ్లి ఆశీర్వాదం తీసుకోవాలన్న పట్టుదలను కొంత సడలించి, ఆ ఇరవై ఇళ్లవారినీ ఒక సాయంత్రం తమ ఇంటికే పిలిచే అవ్వాతాతలు బిడ్డ ఆరోగ్యాన్నీ చుట్టరికాన్నీ ఒకేసారి కాపాడతారు. విదేశంలో పెరిగే బిడ్డకు తెలుగు మాటా, తాతల ఊరూ, ఆ నేల రుచీ అబ్బేది ఇటువంటి ప్రయాణాలలోనే. మొదటి ప్రయాణం సుఖంగా జరిగిన బిడ్డ మళ్లీ రావాలని తానే అడుగుతుంది, ఆసుపత్రి మంచంమీద సెలవు గడిపిన బిడ్డ తల్లిదండ్రులు తర్వాతి ప్రయాణాన్ని ఏళ్లతరబడి వాయిదా వేస్తారు. ఒక తరానికీ దాని మూలాలకూ మధ్య రాకపోకలు సాగుతాయా, ఆగిపోతాయా అన్నది ఆ మొదటి రెండు మూడు ప్రయాణాల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది కనుక, వాటిని ఇంత శ్రద్ధగా తీర్చిదిద్దుకోవడం అవసరం.